బిల్లు కట్టేదెవరు, ఓటీపీ వచ్చేదెవరికి?

ఈ నెల విశాఖ నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఒక్క సంగతి మీదే. పిల్లలు సంపాదిస్తున్నారు, అమ్మానాన్నలు ఇంకా ఇంటి పెద్దలే. మరి ఫోను, కరెంటు, గ్యాసు, ఇంటి పన్ను ఎవరు చూసుకోవాలి? డబ్బు ఎవరి జేబులోంచి వెళ్లాలన్నది మీ ఇంటి మాట, అందులో మేం వేలు పెట్టం. పేరు ఎవరిది, ఓటీపీ ఎవరి ఫోనుకి వస్తుంది అన్న రెండు విషయాల్ని మాత్రం డబ్బుతో కలిపేయకండి. చాలా ఇళ్లలో చిక్కు అక్కడే మొదలవుతోంది.

ప్రశ్న: మా ఇంట్లో నాలుగు నంబర్లు. నాది, మా ఆవిడది, మధురవాడలో ఉద్యోగం చేసే అబ్బాయిది, హైదరాబాద్‌లో ఉన్న అమ్మాయిది. అన్నీ ప్రీపెయిడ్. అబ్బాయి నాలుగూ కలిపి తన పేరున పోస్ట్‌పెయిడ్ ఫ్యామిలీ ప్లాన్ తీసుకుందామంటున్నాడు. నా పెన్షన్ బ్యాంకు, ఆధార్ అన్నీ నా నంబరుకే ఉన్నాయి. ఒప్పుకోవచ్చా?
— విశ్రాంత ఉద్యోగి, సీతమ్మధార

జవాబు: ఒప్పుకోండి, కానీ నాలుగు నంబర్లూ అందులో వేయకండి.

ముందు ధర చూద్దాం. ప్రీపెయిడ్ రీచార్జి మీద రాసిన ధరలో జీఎస్టీ కలిసే ఉంటుంది. పోస్ట్‌పెయిడ్ ప్రకటనలో కనిపించే అద్దె మీద 18 శాతం జీఎస్టీ అదనంగా పడుతుంది. 999 రూపాయలని రాసి ఉంటే బిల్లు 1,178.82 వస్తుంది. ఇక ప్రీపెయిడ్‌లో 28 రోజుల ప్యాక్ అంటే నెల కాదు, ఏడాదికి 13 సార్లు వేయించాలి. అందుకని నెల ఖర్చుతో నెల ఖర్చు పోల్చకండి. నాలుగు నంబర్లకీ ఏడాదికి ఎంతవుతోందో కాగితం మీద వేసి, అప్పుడు ప్లాన్ ధరని జీఎస్టీతో కలిపి 12తో గుణించి చూడండి.

ఈ లెక్క వేసినప్పుడు మీ ఆవిడ నంబరు బయటపడుతుంది. ఇంట్లో వైఫై ఉండి, ఆవిడ బయటికి వెళ్లినప్పుడు ఫోను మాట్లాడడానికి తప్ప వాడకపోతే, ఆ నంబరుకి డేటా కొనడం దండగ. 2024 డిసెంబరులో టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన మార్చి, డేటా లేకుండా కాల్స్, ఎస్ఎంఎస్‌లకి మాత్రమే రీచార్జి ఇవ్వాలని కంపెనీలకి చెప్పింది. అవి 2025 జనవరి నుంచి దొరుకుతున్నాయి. 84 రోజులవీ ఉన్నాయి, ఏడాదికి దగ్గరగా వచ్చేవీ ఉన్నాయి. యాప్ తెరవగానే డేటా ప్యాకులే కళ్లముందు పెడతారు, ఇవి కిందెక్కడో ఉంటాయి. దుకాణంలో “మాటలకి మాత్రమే ఉన్నది వేయండి” అని నోరు తెరిచి అడగాలి. వైఫై మీద వాట్సాప్ మామూలుగానే పనిచేస్తుంది. ఆవిడ నంబరు ఇలా విడిగా ఉంచి, మిగతా మూడూ ప్లాన్‌లో వేసుకుంటే సరిపోతుంది.

ఇప్పుడు అసలు విషయం. ఫ్యామిలీ ప్లాన్‌లో చేరడానికి రెండు దారులు. ఉన్న నంబరునే తెచ్చి చేర్చడం ఒకటి, కొత్త సిమ్ తీసుకోవడం ఇంకొకటి. ఉన్న నంబరు చేర్చేటప్పుడు కేవైసీ (గుర్తింపు పత్రాల నమోదు) మీ పేరునే చేయించండి. బిల్లు అబ్బాయి ఖాతాకి వెళ్లినా నంబరు మీదిగానే ఉండాలి. దుకాణంలో కుర్రాడు పని తొందరగా అవుతుందని “అన్నీ సార్ పేరున పెట్టేద్దామా” అంటాడు. అక్కడ వద్దనాలి. నంబరు అబ్బాయి పేరున పడితే, రేపు సిమ్ పోయినప్పుడు డూప్లికేట్ కోసం మీరు వెళితే ఇవ్వరు, అతనే రావాలి. పెన్షన్ ఖాతా ఉన్న నంబరుకి ఇది చిన్న విషయం కాదు. ఒకరి పేరున 9 సిమ్‌లకి మించి ఉండకూడదన్న నిబంధన కూడా ఉంది. మీ పేరున ఎన్ని ఉన్నాయో టెలికాం శాఖ వాళ్ల సంచార్ సాథీ వెబ్‌సైటులో చూసుకోవచ్చు. మీవి కానివి కనిపిస్తే అక్కడే ఫిర్యాదు చేయొచ్చు.

అమ్మాయి హైదరాబాద్‌లో ఉన్నా ఇబ్బంది లేదు. రాష్ట్రాలు విడిపోయినా టెలికాం లెక్కల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ ఇంకా ఒకే సర్కిల్. ఆమె నంబరు బెంగళూరులో తీసుకున్నదైతే కర్ణాటక సర్కిల్ కిందకి వస్తుంది. అలాంటి నంబరుని ప్లాన్‌లో చేర్చుకుంటారో లేదో ముందే అడగాలి.

చేరాక ఇబ్బంది పెట్టేవి మూడు. అబ్బాయి బిల్లు కట్టడం మర్చిపోతే మీ అందరి ఫోన్లూ ఒకేసారి ఆగుతాయి కాబట్టి ఆటోపే పెట్టించండి. డేటా అందరికీ ఉమ్మడిగా ఉండే ప్లాన్ అయితే వీడియోలు ఎక్కువ చూసేవాళ్లు నెల సగానికే ఖాళీ చేస్తారు. ఎవరికి ఎంత అన్నది యాప్‌లో ముందే కట్టడి చేసే వీలుంటే చేసేయండి. విదేశీ రోమింగ్ ఆఫ్ చేసి ఉంచి, ప్రయాణం ఉన్నప్పుడే తెరవండి.

బయటికి రావాలంటే ముందు బాకీ తీర్చి, మీ నంబరుని ఆ ఖాతా నుంచి విడదీయించాలి. ఇంకో కంపెనీకి మారాలంటే ఇంగ్లిష్ అక్షరాల్లో పోర్ట్ అని కొట్టి, ఖాళీ వదిలి, మీ నంబరు రాసి 1900కి ఎస్ఎంఎస్ పంపాలి. వచ్చే కోడ్ మన దగ్గర 4 రోజులు పనిచేస్తుంది. ఒక కంపెనీలో చేరి 90 రోజులు నిండకపోయినా, పోస్ట్‌పెయిడ్ బాకీ మిగిలి ఉన్నా కోడ్ రాదు. కొత్త సిమ్ మార్చుకున్నాక 7 రోజుల దాకా కూడా ఇవ్వరు. ఈ నిబంధన 2024 జూలై 1 నుంచి ఉంది. దొంగలు సిమ్ మార్చేసి నంబరు ఎత్తుకుపోకుండా పెట్టింది.

ప్రశ్న: మర్రిపాలెంలో మా అత్తమామలది సొంత ఇల్లు. వాళ్లు కింద ఉంటారు. మేం ఈ ఏడాదే పైపోర్షన్‌లోకి వచ్చాం. మీటరు ఒక్కటే. మేం ఏసీ పెట్టుకున్నాక బిల్లు నాలుగింతలైంది. సగం సగం కడదామని మేమన్నాం. “మా వాడకం ఒక్క యూనిట్ పెరగలేదు, మేమెందుకు కట్టాలి” అని అత్తయ్య. సరే, సబ్ మీటరు పెట్టుకుని యూనిట్ల ప్రకారం పంచుకుందామన్నా ఒప్పుకోవట్లేదు. న్యాయం ఎటు?
— ఒక కోడలు

జవాబు: లెక్క మీ అత్తయ్యగారి వైపే ఉంది. ఎందుకో చూడండి.

మన డిస్కం, అంటే కరెంటు పంపిణీ సంస్థ, ఏపీఈపీడీసీఎల్. దాని ఇంటి కరెంటు ధరలు మెట్లుగా (స్లాబులుగా) ఉంటాయి. 2022-23 టారిఫ్ ఉత్తర్వులో పెట్టిన మెట్లివి: మొదటి 30 యూనిట్లకి 1.90 రూపాయలు, 31 నుంచి 75 దాకా 3.00, 76 నుంచి 125 దాకా 4.50, 126 నుంచి 225 దాకా 6.00, 226 నుంచి 400 దాకా 8.75, ఆపైన 9.75. మీరు రాకముందు కింది పోర్షన్ 120 యూనిట్లు వాడుతోందనుకుందాం. 57, 135, 202.50 కలిపి 394.50 రూపాయలు. మీ ఏసీ, గీజరు, ఫ్రిజ్ కలిపి ఇంకో 180 యూనిట్లు. విశాఖ ఉక్కపోతలో ఒకటిన్నర టన్ను ఏసీ రాత్రంతా ఆడితే ఒక్క దానికే రోజుకి 6 నుంచి 8 యూనిట్లు పోతాయి కాబట్టి 180 అన్నది తక్కువ అంచనాయే. మొత్తం 300 యూనిట్లకి 1,673.25.

సగం సగం అంటే పెద్దవాళ్లకి 836 పైచిలుకు. అంటే వాళ్ల ఖర్చు రెట్టింపు కన్నా ఎక్కువైంది. సబ్ మీటరు చూసి యూనిట్ల నిష్పత్తిలో పంచినా వాళ్ల వాటా 669.30 వస్తుంది. చూడ్డానికి న్యాయంగా ఉంది. కానీ ఒక్క యూనిట్ ఎక్కువ వాడకుండానే నెలకి 274.80 అదనంగా కడుతున్నారు. కింది మెట్లలోని చవక యూనిట్లు ఇన్నాళ్లూ వాళ్లవి. మీరు వచ్చి కలవగానే ఆ చవక యూనిట్లు ఇద్దరికీ పంపకమైపోయి, 8.75 మెట్టు భారం వాళ్ల మీద కూడా పడింది. అత్తయ్యగారికి టారిఫ్ తెలియకపోవచ్చు, కానీ సరిగ్గా ఇదే ఆవిడ బాధ.

మా సలహా: పాత బిల్లులు ఒక ఏడాదివి తీసి, ఏ నెలకి ఆ నెల వాళ్ల పాత యూనిట్లు చూడండి. వాటికి పడే ఎనర్జీ చార్జీ వాళ్లు కడతారు, మిగిలింది మీరు. ఈ ఉదాహరణలో వాళ్లు 394.50, మీరు 1,278.75. ఎనర్జీ చార్జీ కాకుండా బిల్లులో యూనిట్‌కి ఇంతని పడేవి ఉంటాయి. 6 పైసల ఎలక్ట్రిసిటీ డ్యూటీ, సర్దుబాటు చార్జీలు అలాంటివే. వాటికి మెట్లు లేవు, సబ్ మీటరు ప్రకారం పంచుకోవచ్చు. కిలోవాట్‌కి 10 రూపాయల ఫిక్స్‌డ్ చార్జీ ఉంది. మీ ఏసీ కోసం కనెక్షన్ లోడ్ పెంచుకుని ఉంటే పెరిగిన భాగం మీది.

నీళ్ల మోటారుని మర్చిపోకండి. ఒక హెచ్‌పీ మోటారు రోజుకి గంట ఆడితే నెలకి 25 నుంచి 30 యూనిట్లు. పైన ట్యాంకు నింపడానికి ఇప్పుడు ఎక్కువసేపు వేస్తున్నారేమో చూడండి.

అయితే అసలు పరిష్కారం పంపకం కాదు, రెండో మీటరు. మీకు పైకి ఎక్కే దారి విడిగా, వంటగది విడిగా ఉంటే పైపోర్షన్‌కి వేరే సర్వీసు అడగొచ్చు. పైన చెప్పిన 300 యూనిట్లే రెండు మీటర్ల మీద 120, 180గా పడితే 394.50, 747 కలిపి 1,141.50. నెలకి 531.75 మిగులు. ఆ డబ్బు ఎవరి వాడకానికీ పడింది కాదు, ఒకే మీటరు మీద ఉన్నందుకు పడింది. ఏసీ వేయని డిసెంబరు, జనవరిల్లో మీ వాడకం 60కి దిగితే తేడా 205 రూపాయలకి తగ్గుతుంది. రెండో మీటరుకి నెలనెలా విడిగా పడే ఫిక్స్‌డ్, కస్టమర్ చార్జీలు, మొదట్లో కట్టే డిపాజిట్, డెవలప్‌మెంట్ చార్జీలు, వైరింగ్ ఖర్చు ఇందులోంచి తీసి చూసుకోండి. ఏడాది పొడుగునా ఏసీ వేసే ఇంటికి గిట్టుబాటే. వేసవిలో మాత్రమే వేసేవాళ్లు ఎన్నేళ్లు అక్కడ ఉంటారో ఆలోచించుకుని దిగాలి.

ఒక్క షరతు. రెండు పోర్షన్ల వైరింగ్ పూర్తిగా విడిపోవాలి. చాలామంది ఎలక్ట్రీషియన్లు ఫేజు విడదీసి న్యూట్రల్ మాత్రం ఉమ్మడిగా వదిలేస్తారు. ఇప్పటి ఎలక్ట్రానిక్ మీటరు ఫేజులో పోయిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగొచ్చిన కరెంటు సమానంగా లేకపోతే పట్టేస్తుంది. రీడింగ్ ఎక్కువ చూపించడం, తనిఖీలో అనుమానం రావడం, ఈఎల్‌సీబీ (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉన్న ఇంట్లో ఊరికే ట్రిప్ అవడం, అన్నీ ఇందుకే. మోటారుని ఏదో ఒక మీటరుకే కట్టేసి, దాని ఖర్చు చేతిలెక్కగా ఇచ్చిపుచ్చుకోండి. రెండో మీటరు వచ్చేదాకా సబ్ మీటరు రీడింగ్‌ని డిస్కం మనిషి వచ్చిన రోజునే ఫొటో తీసి ఉంచండి. నాలుగు రోజులు ఆలస్యమైతే ఏసీ కాలంలో పాతిక ముప్పై యూనిట్లు తేడా వచ్చి మళ్లీ మాటామాటా పెరుగుతుంది.

ప్రశ్న: నేను బెంగళూరులో ఉంటాను. గాజువాకలో అమ్మానాన్నల కరెంటు, గ్యాసు, వైఫై, ఇంటి పన్ను అన్నీ నేనే ఫోన్‌లో కట్టేస్తాను. సౌకర్యం కోసం అన్నింటికీ నా నంబరే ఇచ్చాను. మొన్న సిలిండరు తెచ్చిన అతను కోడ్ చెప్పలేదని వెనక్కి పట్టుకుపోయాడు. నేను మీటింగ్‌లో ఉన్నాను. ఏం చేయాలి?

జవాబు: గ్యాసు నంబరు ఈ వారమే మార్పించండి. డెలివరీ కోడ్ రిజిస్టరైన ఫోనుకే వస్తుంది, సిలిండరు గాజువాక గుమ్మంలో ఉంటే కోడ్ బెంగళూరులో ఉండి ప్రయోజనం లేదు. కనెక్షన్ ఎవరి పేరున ఉందో వాళ్లు పుస్తకం, ఆధార్ తీసుకుని ఏజెన్సీకి వెళితే నంబరు మారుస్తారు. బుక్ చేయడం, డబ్బు కట్టడం మీరు యాప్‌లో చేస్తూనే ఉండొచ్చు. బియ్యం కార్డు ఉండి దీపం-2 కింద ఏడాదికి మూడు ఉచిత సిలిండర్లు తీసుకునే ఇల్లయితే ఇంకో సంగతి చూడాలి. ముందు డబ్బు కట్టాలి, తర్వాత కనెక్షన్ ఉన్నవారి బ్యాంకు ఖాతాలో తిరిగి పడుతుంది. కనెక్షన్ అమ్మదైతే మీరు కట్టిన డబ్బు ఆవిడ ఖాతాలో పడుతుందన్నమాట. అది ఆవిడకే వదిలేస్తారనుకుంటున్నాం.

కరెంటు, వైఫై మీ దగ్గరే ఉండనివ్వండి. యూపీఐ ఆటోపే పెడితే డబ్బు పోయే ముందు రోజు కబురు వస్తుంది. 15,000 దాకా మళ్లీ పిన్ అడగదు. అయితే కరెంటుకి పెట్టే పరిమితి వేసవి బిల్లుని చూసి పెట్టండి. జనవరి బిల్లు చూసి 800 అని పెడితే మే నెలలో ఆటోపే ఫెయిలై, మీరేమో కట్టేశాననే ధీమాలో ఉంటారు.

ఇంటి పన్ను ఆటోపేలో పెట్టొద్దు. ఏడాది పన్ను మొత్తం ఏప్రిల్ 30లోగా ఒకేసారి కడితే జీవీఎంసీ (విశాఖ నగరపాలక సంస్థ) 5 శాతం తగ్గిస్తుంది. గడువులు దాటితే నెలకి 2 శాతం వడ్డీ. ఏప్రిల్ మొదటివారంలో ఫోన్‌లో గుర్తు పెట్టుకుని, అసెస్‌మెంట్ నంబరు కొట్టి, తెరమీద వచ్చే పేరు, ఇంటి నంబరు సరిచూసి కట్టండి. ఒక్క అంకె మారితే పక్కింటి పన్ను కట్టేస్తారు. అది వెనక్కి తెచ్చుకోవడం పెద్ద తిప్పలు.

రోజువారీ సామాన్లకి అమ్మకి డబ్బు పంపడం కన్నా యూపీఐ సర్కిల్ బాగుంటుంది. 2024 ఆగస్టులో వచ్చింది. మీ ఖాతా నుంచి అమ్మ తన ఫోనుతో చెల్లించేలా అనుమతి ఇస్తారు. పూర్తి అనుమతిలో నెలకి 15,000, ఒక్కసారికి 5,000 హద్దు. పాక్షిక అనుమతిలో ఆవిడ స్కాన్ చేసిన ప్రతిసారీ అనుమతి అడుగుతూ మీ ఫోనుకి కబురు వస్తుంది, మీరు పిన్ కొట్టాలి. మీటింగుల మనిషికి రెండోది పనికిరాదు, కూరగాయల బండి దగ్గర ఆవిడ నిలబడిపోవాలి.

ప్రశ్న: “ఈ రాత్రి 9:30కి మీ కరెంటు కట్ చేస్తాం, వెంటనే ఈ నంబరుకి ఫోను చేయండి” అని నాన్నకి మెసేజ్ వచ్చింది. బిల్లు అన్నయ్య కడతాడు, కట్టాడో లేదో నాన్నకి తెలీదు. కంగారుపడిపోయారు.
— కంచరపాలెం

జవాబు: అది మోసం. డిస్కం ఎవరిదో మొబైల్ నంబరు ఇచ్చి ఫోను చేయమనదు, యాప్ వేసుకోమనదు. అనుమానముంటే 1912కి చేసి సర్వీసు నంబరు చెప్పి అడగండి. డబ్బు పోయి ఉంటే ఆలస్యం లేకుండా 1930కి. కట్టేది ఒకరు, ఇంట్లో ఉండేది ఇంకొకరు అయిన ఇళ్లే ఈ మెసేజ్‌కి దొరుకుతాయి. మీ అన్నయ్య బిల్లు కట్టగానే రసీదు నాన్నకి వాట్సాప్‌లో పంపితే చాలు.

ప్రశ్న: అమ్మ పేరున ఉన్న ఇంట్లోనే ఉంటాను. నెలకి 15,000 ఇస్తాను, బిల్లులు కూడా కడతాను. దీన్ని అద్దెగా చూపించి హెచ్‌ఆర్‌ఏ (జీతంలో వచ్చే ఇంటి అద్దె భత్యం) మీద పన్ను మినహాయింపు తీసుకోవచ్చా?
— ఎంవీపీ కాలనీ

జవాబు: పాత పన్ను విధానంలో ఉంటే తీసుకోవచ్చు, కొత్త విధానంలో హెచ్‌ఆర్‌ఏ మినహాయింపే లేదు. అద్దె ఒప్పందం ఉండాలి, డబ్బు బ్యాంకు ద్వారా వెళ్లాలి, ఏడాదికి లక్ష దాటుతుంది కనుక అమ్మ పాన్ ఇవ్వాలి. మీరు కట్టే కరెంటు, ఫోను బిల్లులు అద్దె కింద రావు. ఇల్లు మీ ఇద్దరి పేరునా ఉంటే మీ వాటాకి మీరే అద్దె కట్టుకున్నట్టు చూపించలేరు.

అమ్మ ఆ అద్దెని తన ఆదాయంగా చూపాలి. అందులోంచి ఆవిడ కట్టిన ఇంటి పన్ను తీసేసి, మిగిలిన దాంట్లో 30 శాతం తగ్గించుకోవచ్చు. యజమాని కట్టిన పన్నుకే ఆ తగ్గింపు. అందుకని జీవీఎంసీ పన్ను మీ ఖాతాలోంచి కాకుండా అమ్మ ఖాతాలోంచి కట్టండి. అద్దె ఊసు లేకుండా ఊరికే ఇస్తే అది పిల్లలు తల్లికి ఇచ్చింది, దాని మీద ఆవిడకి పన్ను లేదు.

ప్రశ్న: నాన్న పోయి నెలైంది. ఫ్యామిలీ ప్లాన్, కరెంటు, గ్యాసు, ఇల్లు అన్నీ ఆయన పేరునే. ఏది ముందు మార్చాలి?
— పెందుర్తి

జవాబు: ముందు మరణ ధ్రువపత్రం కాపీలు ఓ పది తీసుకోండి. కుటుంబ సభ్యుల ధ్రువపత్రానికి సచివాలయంలో దరఖాస్తు పెట్టండి. బ్యాంకుకి వెంటనే చెప్పాలి. నాన్నగారి ఫోను చేతిలో ఉంది కదా అని ఆయన యూపీఐ, ఏటీఎంతో డబ్బు తీయకండి. ఖాతాలోది నామినీ ద్వారా గానీ, నామినీ లేకపోతే వారసుల ద్వారా గానీ రావాలి.

సిమ్ మాత్రం తొందరపడి రద్దు చేయించకండి. ఆ నంబరుకి ఇన్సూరెన్సు, గ్యాసు, డిస్కం, పీఎఫ్ కబుర్లు ఇంకా వస్తుంటాయి. మూసేస్తే కొన్నాళ్లకి ఆ నంబరు ఇంకెవరికో ఇచ్చేస్తారు. అమ్మగారి కేవైసీతో నంబరు ఆవిడ పేరున మార్పించండి. ప్లాన్‌లో ప్రధాన నంబరు ఆయనదే కాబట్టి, మిగతా నంబర్లు ఎవరి ఖాతా కింద ఉండాలో అదే రోజు దుకాణంలో చెప్పి రాయించాలి. లేకపోతే ఒకటి మారి మిగతావి ఆగిపోతాయి.

తర్వాత గ్యాసు, ఆ తర్వాత కరెంటు. ఈ రెండింటికీ తొందర లేదు, బిల్లు కడుతున్నంతకాలం సరఫరా ఆగదు. కరెంటు మీటరు అమ్మ పేరున మారితే తమ వాటా పోతుందని తోబుట్టువులు ఎవరైనా జంకితే, మీటరు పేరుకీ ఇంటి హక్కుకీ సంబంధం లేదని చెప్పండి. ఇంటి పన్నులో పేరు మార్పు చివర పెట్టుకోండి. దానికి వీలునామా గానీ, వారసులందరి సంతకాలతో పత్రం గానీ కావాలి. అది కుదిరేదాకా పన్ను నాన్నగారి పేరు మీదే కట్టి, ఎవరు కట్టారో రసీదు వెనక రాసి దాచండి.